పొతిత్సా కళ్ళు

ఆ రోజు కూడా గరుఫాలియా పొద్దున్నే మేకల పాలు పితికి, పొయ్యి మీద కాఫీ పెట్టి, ఆ తర్వాతే అక్క పొతిత్సా శవం పక్కన కూర్చుంది. గ్రీసు దేశపు మానీ కొండల్లో ఏడవడానికైనా పనులు ముగించుకునే కూర్చుంటారు.

వాళ్ళ ఊళ్ళో పోయినవాళ్ళ కళ్ళు చేత్తో మూయరు. ఆడవాళ్ళు చుట్టూ చేరి శోకాల పాటలు కడతారు. పోయిన మనిషి గురించి నిజమైన మాట ఒక్కటి పడగానే కళ్ళు వాటంతటవే మూతపడతాయి. మామూలుగా కాఫీ చల్లారేలోపే అయిపోతుంది. తెరిచిన కళ్ళతో మట్టిలోకి వెళితే మాత్రం ఆ మనిషికి ఇక నిద్రన్నది ఉండదు. పొతిత్సాకి బతికుండగా ఎలాగూ నిద్ర లేదు. కోడి కూయకముందే లేచి ఆలివ్ తోటకి పరిగెత్తేది. ఇప్పుడైనా అక్క కడుపునిండా నిద్రపోవాలని గరుఫాలియా తపన.

పొతిత్సా మొగుడు అనార్గిరోస్ కవి. కాఫీ కొట్టులో కుర్చీలు అరగదీసిన కవి. ఆలివ్ కొమ్మలు దులిపి చేతులు పగిలింది పెళ్ళానికైతే, "నా పగిలిన అరచేతులు" అని పద్యం రాసింది ఇతను. ఆ అరచేతులు వెన్నముద్దలు. సముద్రం మీద పుస్తకం కూడా వేశాడు, పడవెక్కితే వాంతులు.

మగవాళ్ళు వాకిట్లో కూర్చోవడం ఆచారం. ఈయన కాగితాల కట్టతో తిన్నగా లోపలికే వచ్చేశాడు.

"కాస్త జరుగు కనెల్లా. నా భార్యని నేను సాగనంపుతాను."

గొంతు సవరించుకుని మొదలెట్టాడు. ఆమె కళ్ళు నీలి సముద్రమన్నాడు. నడక కౌజుపిట్ట నడకన్నాడు. పొతిత్సా నల్లకళ్ళు కాసేపు విని, మెల్లగా పైకప్పు వైపు తిరిగాయి.

"దూలాలు లెక్కపెట్టుకుంటోంది పాపం," అంది కనెల్లా ముసలమ్మ. ఆడవాళ్ళు నల్లగుడ్డల చాటున నవ్వుకున్నారు.

"నీ కవిత్వం తగలెయ్యా! అక్క కళ్ళు నలుపని కూడా తెలియదా బావా నీకు? లే అక్కణ్ణుంచి!"

పాట గరుఫాలియా అందుకుంది. ఊళ్ళో ఆమెని మించిన పాటగత్తె లేదు. కుర్చీలో పెరిగిన బావ బానపొట్ట మీద కట్టింది. పెళ్ళాం చెమట మీద కొట్టేసిన బిరుదుల మీద కట్టింది. వాకిట్లో మగవాళ్ళు కూడా భేష్ అన్నారు. పొతిత్సా కళ్ళు మాత్రం కదల్లేదు.

"మీ బావని బాగానే ఉతికావు గానీ, అందులో మీ అక్కేదే?" అంది కనెల్లా.

గరుఫాలియాకి తల కొట్టేసినట్టయింది. బయట ఫాదరు తొందరపెడుతున్నాడు, పొద్దు వాలకముందే పూడ్చాలి. దిక్కుతోచక బావ మీదే విరుచుకుపడింది.

"ఏమయ్యా మహాకవీ! ఇన్నేళ్ళు కాపురం చేశావే, మా అక్క గురించి నీ కళ్ళతో చూసిందంటూ ఒక్కటైనా ఉందా?"

అనార్గిరోస్ కాగితాలన్నీ తిరగేశాడు. ఏమీ దొరకలేదు. చివరికి తలెత్తకుండా అన్నాడు.

"రాత్రుళ్ళు పద్యం చదవబోతే నిద్రపోయినట్టు నటించేది. రెప్పలు వణికేవి. నాకు తెలుసు. తెలిసీ చదివేవాణ్ణి, మొత్తం."

పొతిత్సా కళ్ళు టక్కున మూతపడ్డాయి.

కనెల్లా దుప్పటి అందుకుంది. గరుఫాలియాకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళలో పనికొచ్చే ముక్క ఒక్కటి, అదీ ఈ దద్దమ్మ నోటి నుంచే రావాలా! అక్క నుదుటి మీద ముద్దుపెట్టడానికి వంగి, ఆగిపోయింది.

"బావా, రెప్పలింకా వణుకుతున్నాయి."

అనార్గిరోస్ పెళ్ళాం రెప్పల వైపు చూశాడు. చేతిలోని కట్ట వైపు చూశాడు. లేచి వెళ్ళి, కాఫీ గిన్నె పక్కకి జరిపి, కట్ట మొత్తం పొయ్యిలో పెట్టాడు. అంటుకునేదాకా అక్కడే నిలబడ్డాడు.

గరుఫాలియా అక్క చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఇంక నటించక్కర్లేదే అక్కా. ఈయనింక చదవడు. పడుకో."

రెప్పల వణుకు ఆగిపోయింది.