నడుమున ప్లగ్గు

షెడ్డులో కరెంటు బస్సులకు ఛార్జింగు తీగలు పోయి నేలలో ప్యాడ్లు వచ్చాక అందరి ప్రాణాలకూ హాయిగా ఉంది. బండిని ప్యాడ్ మీద ఆపితే చాలు, ఛార్జింగు దానంతటదే ఎక్కుతుంది. నిండితే ఆగుతుంది, కాస్త తగ్గితే మళ్లీ మొదలవుతుంది. కింద పిల్లి దూరినా ఆగిపోతోందని విసుగెత్తి ఇంజనీరు సెన్సర్లు తీయించేశాడు. సుఖం మరిగితే మనిషికి కళ్లు కనపడవు.

బావ అంటే షెడ్డు మెకానిక్కు. నిజానికి బావ ఒక్క డ్రైవరుకే, అక్క మొగుడు. వాడు పిలవగా పిలవగా షెడ్డంతటికీ బావయ్యాడు. తీగలున్నప్పుడు ప్లగ్గు పీకి నడుముకి దోపుకుంటే గానీ బండి కిందికి దూరేవాడు కాదు. ప్లగ్గు తన దగ్గరుంటే కరెంటు తన గుప్పిట్లో ఉన్నట్టే. తీగలు కోసేసిన రోజున ఒక ప్లగ్గు అడిగి తీసుకుని గోడమేకుకి తగిలించాడు. ఇప్పటికీ బండి కిందికి దూరాలంటే అది నడుముకి ఉండాల్సిందే. అందరూ నవ్వేవాళ్లు.

గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్న సంగతి మాత్రం షెడ్డులో దాచాడు. తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని భయం. ఛార్జింగు నడిచే ప్యాడ్ పేస్‌మేకర్‌ని ఆపేయగలదని, వాటి దగ్గరికి పోనివ్వొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడని, ఆయన్ని కనిపెట్టుకుని ఉండమని అక్క తమ్ముడి దగ్గర ఏడ్చింది.

"నిండిన బండి కిందికే దూరతాన్రా. అప్పుడది నిద్రపోతూ ఉంటుంది," అన్నాడు బావ.

ఆ మధ్యాహ్నం బస్సు నిండి ఉంది. తీగల కాలంలోనైతే డ్రైవరు ప్లగ్గు చూడకుండా బండెక్కేవాడు కాదు. ఇప్పుడు ఎండకి పరుగున వచ్చి, ఎక్కి, ఏసీ పెట్టుకుని, భోజనానికి బావ వస్తాడని చూస్తూ కునుకు తీశాడు. మెలకువ వచ్చేసరికి ఎదురుగా ఛార్జింగు పచ్చదీపం వెలుగుతోంది. ఏసీ లాగేసిందంతా తిరిగి ఎక్కుతోంది. ఎంత సుఖమో అనుకుంటూ ఒళ్లు విరుచుకుని గోడ వైపు చూశాడు.

మేకుకి ప్లగ్గు లేదు.

 కిందికి దూకి వంగి చూస్తే చక్రం వెనక బావ పాదాలు.

"బావా," అన్నాడు. పాదాలు కదల్లేదు.

కాళ్లు పట్టుకుని లాగాడు. నడుమున దోపుకున్న ప్లగ్గు బండి అడుగున ఏ కమ్మీకి తగులుకుందో, మనిషి రావడం లేదు. పీకేద్దామంటే పీకడానికి తీగ లేదు. ఛార్జింగు ఇప్పటికిప్పుడు ఆగాలంటే బండిని ప్యాడ్ మీంచి కదపాలి.

బండి కింద బావ ఉన్నాడు.