కాశీలో వదిలిన పండు

నేను ఒక రాచిప్పను. బలపంరాయిని తొలిచి చేసిన వంటపాత్రను. చూడటానికి చిన్నదాన్నే కానీ, ఎత్తబోతే నిండు బిందెంత బరువు. ఇప్పుడు నేనున్నది పశువుల కొట్టంలో. వచ్చి చూస్తే నాలో తౌడు కలిపిన నీళ్ళు కనిపిస్తాయి. అయితే పదిహేనేళ్ళ పాటు నాలో ఏటా ఒకరోజు దేవుడికి వంట జరిగింది. ఆ వంట నన్ను ఈ కొట్టానికి ఎలా చేర్చిందో చెబుతాను.

నన్ను తొలిచినవాడు తిరునాళ్ళలో గోనెసంచి పరిచి, నాలాంటివాళ్ళను ఇరవైమందిని బోర్లించి కూర్చున్నాడు. వచ్చినవాళ్ళంతా మమ్మల్ని చూపులతోనే బేరమాడారు. నరసమ్మ ఒక్కతే వంగి, వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి వింది. పగులు లేదని నమ్మకం కుదిరాక నన్ను చంకనెత్తుకుంది. ఇంటికి తెచ్చిన వెంటనే పొయ్యి ఎక్కించలేదు. నెల రోజులు గంజి పోసి, ఆముదం రాసి, సన్నని సెగ చూపించి పదును పెట్టింది. బూడిదరంగులో ఉన్నదాన్ని ఆ నెలలో నల్లగా నిగనిగలాడాను.

నరసమ్మ వాళ్ళది కళ్యాణదుర్గం వైపు పల్లె. వాళ్ళకు రెండెకరాల అంజూర తోట ఉండేది. ఫాల్గుణంలో మొదటి కోత. ఆ రోజు తెంచిన కాయల్లో దోరగా ఉన్నవాటిని ఏరి పచ్చడి చేసి, ఇంటిదేవుడు నరసింహస్వామికి నైవేద్యం పెట్టి, కోతకు వచ్చినవాళ్ళకూ వీధిలోవాళ్ళకూ అన్నంలో వడ్డించాలి. దేవుడి నోటికి అందకముందు ఎవరి నాలుకా దాన్ని తాకకూడదు. నరసమ్మ తలస్నానం చేసి, తడిబట్టతో, వంటింటి తలుపు దగ్గరగా వేసి ఒంటరిగా చేసేది.

నా స్వభావం కొంచెం చెప్పాలి. నాకు వేడి ఆలస్యంగా ఎక్కుతుంది. ఎక్కిందంటే తొందరగా దిగదు. పొయ్యి మీదినుంచి దించినా లోపల ఉడుకు సాగుతూనే ఉంటుంది. అందుకని నరసమ్మ ముందు కట్టెలు బయటికి లాగేసి, నాలో మిగిలిన వేడిమీదే మెంతులు వేసేది. నా నల్లటి అడుగున మెంతులు ఎర్రబడ్డాయో నల్లబడ్డాయో కంటికి తెలియదు. ఆమె ముక్కుతో చూసేది. పచ్చివాసన పోయి, కమ్మదనం వచ్చి, అది ఘాటుగా మారబోయే ముందు ఒక్క క్షణం ఉంటుంది. ఆ క్షణంలో చేట నా ముందు పెట్టి చెంచాతో తోడేసేది. తర్వాత ఆవాలు, ఎండుమిరపకాయలు. అవి రోట్లో నలిగేలోపు నాలో నూనె కాగేది. తొడిమ తీసిన అంజూర ముక్కలు పడేవి. వాటి పాలు అంటి ఆమె వేళ్ళు రెండు రోజులు దురద పెట్టేవి. మగ్గిన ముక్కల్లో చింతపండు గుజ్జు, చిన్న బెల్లంగడ్డ, చివర ఆ పొడి. వీధి మలుపులో ఉన్నవాళ్ళకు కూడా మొదటి కోత అయిందని తెలిసిపోయేది.

ఇంత చేసే మనిషి ఆ పచ్చడి తినదు. నేను వచ్చిన రెండో ఏడు ఆమె ఒక్కగానొక్క కొడుకు తిప్పేస్వామి జబ్బుపడి, మూడు నెలలు మంచం మీదే ఉన్నాడు. బతికితే కాశీకి వస్తానని మొక్కుకుంది. వాడు లేచాక ఊరివాళ్ళతో కలిసి రైలెక్కింది. కాశీకి పోయినవాళ్ళు గంగలో మునిగి, ఒక కాయో పండో జీవితాంతం వదిలేసి రావాలి. తిరిగొచ్చాక వంటింట్లో ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. ఒకామె కాకరకాయ వదిలిందట, చిన్నప్పటినుంచీ ఆమెకు అది పడదు. ఒకాయన పనసపండు వదిలాడట, మా వైపు అది కాయదు. మనుషులు దేవుడితో కూడా జాగ్రత్తగానే ఉంటారు. నరసమ్మకు ఆ జాగ్రత్త లేదు. అన్నిటికంటే ఇష్టమైంది ఏదని తనను తానే అడిగి, అంజూర వదిలేసింది.

వదిలింది నోటితోనే. ముక్కుతో వదలలేదు. ఏడాదికి ఒకరోజు నా మీదికి వంగి, కళ్ళు మూసుకుని, ఆ వాసన కడుపునిండా పీల్చేది. ఆమె వాటాకు వచ్చింది అంతే. అది దేవుడు లెక్కలోకి తీసుకోలేదనే అనుకుంటాను.

అలా చాలా ఏళ్ళు జరిగింది. తిప్పేస్వామికి పెళ్ళయింది, గంగరత్న కోడలిగా వచ్చింది. మరుసటి ఏడు నరసమ్మకు విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గిన శనివారం ఆమె దేవుడి ముందు సాంబ్రాణి వేసి, పొగలో ముఖం పెట్టి నిలబడింది. మళ్ళీ వేసింది. మళ్ళీ నిలబడింది. తర్వాత వంటింట్లోకి వచ్చి ఇంగువ డబ్బా మూత తీసి, మూసి, మెల్లగా అలమరలో పెట్టేసింది. వాసన తెలియని మనిషిని పొయ్యి దగ్గర ఎవరు ఉండనిస్తారు? ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ ఒక్కరోజు, దేవుడికి తన చేత్తో పెట్టే ఆ ఒక్క వంట, చేజారిపోతుందని భయం.

ఆ ఫాల్గుణంలో మెంతులు మాడాయి. క్షణం ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో ఆమెకు తెలియలేదు. నాకు తెలుసు. రాయికి నోరుంటే ఆ రోజు ఉండాల్సింది.

విస్తళ్ళలో వేడన్నం మీద పచ్చడి పడింది. పైవీధి మల్లేశప్ప ఊరికి పెద్దమనిషి. మొదటి ముద్ద మింగి, కాసేపు కళ్ళు మూసుకుని, "నరసమ్మా, ఎప్పట్లాగే ఉంది. నీ చేతికి తిరుగు లేదు," అన్నాడు. మిగతావాళ్ళు తలలూపి నీళ్ళు తాగారు. ప్రసాదానికి వంక పెట్టకూడదు కదా. వాకిలి దాటాక, కోతకొచ్చినామె ఒకతి ఆయన్ని పట్టుకుంది.

"అంత బాగుంటే మారు పెట్టిచ్చుకోలేదేం పెద్దాయనా?"

"నాకు షుగరు గదమ్మా. చేదు మంచిదే. ఒక్కసారి తింటే సంవత్సరానికి సరిపోతాది."

రెండో ఏడు ఇంకా మాడింది. గంగరత్న పెరట్లో మొగుడితో అనింది. "మాడువాసన నాకు వాకిట్లోకొచ్చింది. మీ అమ్మకు తెలీడం లేదు. నువ్వన్నా చెప్పు."

"దేవునికి పెట్టినదాన్ని బాగలేదంటానా? ఆమె తట్టుకోలేదు. ఏడాదికి ఒగదినం. మింగేద్దాం."

మూడో ఏడు గంగరత్న ఊరివాళ్ళ నోళ్ళకు జాలిపడింది. కొట్టం వెనక గ్యాస్ పొయ్యి పెట్టి, స్టీలు గిన్నెలో తను వేరే పచ్చడి చేసింది. పూజ అయ్యాక, "నువ్వు కూచో అత్తా, నేను వడ్డిస్తాలే," అని నన్ను పెరట్లోకి మోసుకుపోయింది. నాలోంచి ఒక్క గరిటెడు తీసి ఆ స్టీలు గిన్నెలో కలిపింది, ప్రసాదం ప్రసాదంగానే ఉండాలని. మిగిలిందంతా కాలు తొక్కని చోట, అంజూర చెట్టు మొదట్లో గుంట తీసి పూడ్చింది. చేసింది మోసమే. కానీ ఆ గరిటెను కళ్ళకద్దుకున్నాకే కలిపింది.

నరసమ్మ కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చింది. ఖాళీగా పడి ఉన్న నన్ను చూసింది. వాకిట్లో "ఇంకొంచెం పచ్చడెయ్యి గంగరత్నా, ఇంకొంచెం" అని కేకలు వినిపిస్తున్నాయి. రెండేళ్ళుగా ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. ఆమె కొట్టం వెనక్కి పోయింది, గ్యాస్ పొయ్యిని చూసింది, తిరిగి నా దగ్గరికి వచ్చి గొంతుకూర్చుంది. చూపుడువేలితో నా అంచున అంటుకున్నదాన్ని తుడిచింది. చాలాసేపు ఆ వేలినే చూసింది. పదమూడేళ్ళ తర్వాత అంజూర ఆమె నాలుక మీద పడింది.

ముక్కు పోయినా నాలుక పోలేదు. చేదు తెలిసింది.

గంగరత్న గిన్నె నింపుకోవడానికి వచ్చి, అత్త వేలు చూసి ఆగిపోయింది.

"ఎన్నేండ్లనుంచీ?" అని అడిగింది నరసమ్మ.

"మూడు."

"ఒక్కరన్నా చెప్పలేదు గదే."

"ప్రసాదానికి వంక పెట్టగూడదని నువ్వే గదత్తా నేర్పిచ్చినావు."

నరసమ్మ స్టీలు గిన్నెలోది కూడా కొంచెం తీసి నాలుక మీద వేసుకుంది. మొక్కు ఎలాగూ తప్పింది. "నీది బాగుంది. బెల్లం ఒక రవ్వ తగ్గించు," అనింది. ఆ వెంటనే, చెయ్యి కడుక్కుంటూ, "నాకు వాసన తెలీదే గంగా. జ్వరమొచ్చిన కాన్నుంచి," అనింది. అంత పెద్దమాటను ఆమె చెంబుతో నీళ్ళు పోసుకుంటూ చెప్పింది. కోడలు ఏడ్చింది. అత్త ఏడవలేదు. తప్పిన మొక్కుకు పదకొండు శనివారాలు ఒంటిపూట ఉండి, ఆ సంగతి అంతటితో వదిలేసింది.

మరుసటి ఏడు గంగరత్న తడిబట్టతో, వంటింట్లోనే, అందరికీ తెలిసేలా చేసింది. స్టీలు గిన్నెలో. నిజంగా బాగుందట. నరసమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. మల్లేశప్ప చెప్పులేసుకుంటూ పక్కవాడితో అన్న మాట ఆమెకు వినపడింది. "ఏమన్నా చెప్పు, అత్త చెయ్యి రాలేదు కోడలికి."

నరసమ్మ ఆయన్ని పిలిచి నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. కోడలి వైపు ఒకసారి చూసి, చూపు దించుకుంది. ఆ పొగడ్త అబద్ధమని తెలిసీ దాన్ని ఉంచుకుంది. మనిషికి చివరికి మిగిలేవాటిలో అదీ ఒకటేమో. నాకు ఆ రోజు ఆమె మీద మొదటిసారి కోపం వచ్చింది. తర్వాత పోయింది.

ఇక పొయ్యి ఎక్కే పని లేదని నన్ను కొట్టంలోకి మార్చింది కూడా నరసమ్మే. ఒక్కటి మాత్రం ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. ఆ మూడేళ్ళూ ముందు తిన్నది స్వామి. ఆయన కూడా ఏమీ అనలేదు. భక్తితో పెట్టింది ఆయనకు చేదు కాదంటారు, అయి ఉండొచ్చు. లేకపోతే ఆయన కూడా పెద్దమనుషుల్లాగే ఊరుకున్నాడా? రాయిని, నాకెలా తెలుస్తుంది.

నాలో తౌడు పోసిన మొదటిరోజు నరసమ్మ దూడను తోలుకొచ్చింది. అది మూతి పెట్టి ఒక్కసారి నాకి, వెనక్కి జరిగి, తల అటూ ఇటూ విదిలించింది. ఎంత కడిగినా నాలో ఇంకిన చేదు పోలేదు మరి.

నరసమ్మ దాని గంగడోలు నిమిరింది. "నువ్వన్నా చెప్పినావు," అనింది.