పూలు తిరిగిన వైపు

పొద్దున్నే సెట్టు మీదికి రాగానే హీరోయిన్ కోరిన్ చేసే మొదటి పని ముక్కు మూసుకోవడం. మాటల సినిమా వచ్చిన దగ్గర్నుంచి హాలీవుడ్‌లో గాలి ఆడటం మానేసింది. మైకులో చప్పుడు పడుతుందని ఫ్యాన్లు ఆపేశారు, తలుపులు బిగించి గోడలకు దుప్పట్లు కొట్టారు. లోపల చెమటా, కరిగిన పౌడరూ, డైరెక్టర్ హాస్కెల్ నమిలి ఊసే చుట్టా కలిసి ఒకటే కంపు.

మైకును పియానో మీదున్న లిల్లీల మధ్య దాచారు. ఎక్కడైనా పూలు పాడేవాళ్ల వైపే కదా తిరుగుతాయి. ఇక్కడ పాడేది కోరిన్ కాదు, తెర వెనక నిలబడ్డ లూయెల్లా. కోరిన్ పెదాలు మాత్రం కదిపేది. అందుకని సెట్టు సామాను చూసే గస్ రోజూ కాడలకు ఇనప తీగలు చుట్టి, పూల మెడలు వంచి కోరిన్ వైపు కట్టేవాడు.

"కోళ్లను కట్టినట్టు ఏంటయ్యా ఆ కట్టడం?" అంది కోరిన్ అసహ్యంగా.

"ఏం చెయ్యనమ్మా? మీ వైపు చూడమంటే చూసి చావవు."

మూగ సినిమాల్లో ఆమె కంటతడి పెడితే ఊళ్లు ఏడ్చాయి. బఫెలో ఊళ్లో పోలిష్ వాళ్ల పేటలో పుట్టిన ఆ బొంగురు గొంతు ఇప్పుడు పనికిరాదన్నారు. ఈ సినిమా పోతే కాంట్రాక్టూ పోతుంది. అందుకే నోరు మూసుకుని, అంటే నోరు తెరుచుకుని, నెట్టుకొస్తోంది.

ఆ రోజు పాట, చనిపోయిన బిడ్డకు తల్లి పాడే జోల. లూయెల్లా తెర వెనక తియ్యగా ఎత్తుకుంది. రెండో చరణానికి కోరిన్‌కు ఒకరు నమిలింది తన నోట్లో పెట్టినట్టుంది. ఛీ, బిడ్డకు కూడా ఎంగిలి జోలేనా?

పెదాలు ఆపేసింది. తర్వాత తన గొంతుతోనే అందుకుంది, బొంగురుగా, యాసతో, సగం శ్రుతి తప్పి. లూయెల్లా టక్కున ఆగిపోయింది.

"కట్! ఏం గొంతు తల్లీ అది! కప్పలు నయం!" అని హాస్కెల్ లేచాడు.

లేచినవాడు పియానో దగ్గరే ఆగిపోయాడు. ఇన్నాళ్లూ పూలు తెర వైపు గుంజితే బిగిసిన తీగలు వదులై ఒక్కొక్కటే జారి పడుతున్నాయి. లిల్లీలు మాత్రం కోరిన్ వైపే ఉన్నాయి.

తెర పక్కకు తీసి లూయెల్లా బయటికొచ్చింది. పూలను చూసి, టోపీ పెట్టుకుని తలుపు వైపు నడిచింది.

హాస్కెల్ చుట్ట ఊసి, "గస్, ఆ తీగలు అవతల పారెయ్. రేపు ఈవిడే పాడుతుంది," అన్నాడు.

కంపు కంపే. అయినా కోరిన్ ముక్కు మూసుకోలేదు. రేపటి పాట కోసం గుండె నిండా ఊపిరి పీల్చుకుంది.