అలారం నంబరు పదిహేడు

దసరా అయిన మూడో రోజు. రఘునాథపల్లిలో మా నెట్ ఆఫీసులోని పెద్ద పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. చుట్టుపక్కల ఊళ్లకు ఇంటర్నెట్ ఆ పెట్టె నుంచే పోతుంది. నేను కొలువులో చేరి అప్పటికి రెండు నెలలు.

బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపే సులోచనక్క ఫోన్ చేసింది. "దినేశూ, నెట్ వస్తుంది, పోతుంది. మీ తండా రుక్కి ఈడ్నే కూసున్నది. నర్సింగ్ కాలేజీ ఆప్షన్లు పెట్టాలె. నాలుగింటికి ఆ సైటు బందైతది. జర చూడు తమ్మీ."

టైము మూడుంబావు.

మా సీనియర్ సంజీవన్న అప్పటికే స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు. "లోపలి నెట్ కార్డు పోయింది. పెట్టె బంద్ చేసి, జనగామ నుంచి కొత్తది తెచ్చి ఎక్కించుడే."

"మళ్లీ ఎప్పుడు లేస్తదన్నా?"

"ఆరైతది."

"ఆ పిల్లకు ఏడాది పోతది. రెండు నిమిషాలు ఆగన్నా."

"డిగ్రీ సదివినవని దీపం నీతోని మాట్లాడుతదారా?"

"అడిగి చూస్త."

ల్యాప్‌టాప్ కేబుల్ పెట్టెకు తగిలించి, నల్ల తెర మీద 'షో అలారం' అని కొట్టాను. ఒక్కటే వరుస వచ్చింది: పదిహేడో నంబరు, తీవ్రం. వివరాల కోసం ఆ నంబరు చేర్చి మళ్లీ కొట్టాను. తెర నిండింది. కార్డులో లోపం లేదు. ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతున్నాయి. లోపల వేడి డెబ్బై ఎనిమిది డిగ్రీలు. వేడి పెరిగినప్పుడల్లా కార్డు తనంతట తానే ఆగుతోంది.

"కార్డు మంచిగనే ఉన్నదన్నా! ఫ్యాన్లు తిరుగుతున్నయ్. మరి లోపలికి గాలెందుకు పోతలేదు?"

ఇద్దరం పెట్టె ముందువైపు చూశాం. ఆయుధపూజకు సంజీవన్న కట్టిన బంతిపూల దండ, మూడు వరుసలు, గాలి జాలీని పూర్తిగా మూసేసింది. ఫ్యాన్లు లాగిన పూరెక్కలు సందుల్లో ఇరుక్కున్నాయి.

"పూజ దండ రా. పూలు వాడిపోకముందే ఎట్ల తీస్తవ్?"

"తలుపుకు కడ్తనన్నా. దేవుడేమనడు."

కళ్లకద్దుకుని తీశాను. బ్రష్షుతో జాలీ ఊడ్చి, అదే కమాండు మళ్లీ మళ్లీ కొట్టాను. డెబ్బై నాలుగు. అరవై ఆరు. యాభై ఎనిమిది. సంజీవన్న నా భుజం పట్టుకుని, కబడ్డీ స్కోరు చెప్పినట్టు ఒక్కో అంకెనూ పైకే చదివాడు. ఎర్రదీపం ఆరి పచ్చది వెలిగింది. ఎంత గట్టిగా అరిచానో ఏమో, పక్క షాపు టైలరు కత్తెరతోనే పరుగెత్తుకొచ్చాడు.

మూడూ యాభై రెండుకు ఫోన్ మోగింది.

"అన్నా, సబ్మిట్ అయింది! మహబూబాబాద్ కాలేజే ముందుగాల పెట్టిన!" రుక్కి ఒక్క ఊపిరిలో చెప్పింది. "సీటొస్తే మొదటి సూది నీకే ఏస్త!"