యజమాని చూసిన సబ్బు

ఆ రోజు ఇంట్లో నానమ్మ, బాబాయి, ఫ్యాక్టరీ మేస్త్రీ, గోడ మీద ఫొటోలో తాతయ్య, ఆ పొద్దుటికే పద్దెనిమిదేళ్లు నిండిన పిల్ల ఉన్నారు. తాతయ్య వీలునామా ప్రకారం సబ్బుల ఫ్యాక్టరీ ఇక ఆ పిల్లదే. యజమాని చూడందే సరుకు గేటు దాటకూడదన్నది ఆయన పెట్టిన నియమం. మేస్త్రీ కొత్త సబ్బు అందించాడు. ఆమె తడిచేసి చేతికి రుద్దుకుంది. చురుక్కుమంది.

"బాబాయ్, ఇందులో కాస్టిక్ సోడా ఎక్కువైంది. పంపొద్దు," అంది మెల్లగా.

"లారీ బయల్దేరబోతుంటే వంకలేంటమ్మా? చూసి బాగుందనాలి, అంతే!" అని నవ్వాడు బాబాయి.

"మరి యజమానిని నేనేగా?"

"నువ్వే తల్లీ, కాదన్నదెవరు?" అంది నానమ్మ.

మేస్త్రీ తల దించుకున్నాడు. ఓ పక్క ఆమె చెయ్యి మండుతూనే ఉంది. తన మాటలో తప్పేముందో ఆమెకు అంతుపట్టలేదు.

"పెద్దవాళ్లం మాట్లాడుకోవాలి, నువ్వలా బయట కూర్చో," అంటూ బాబాయి ఆమె ముఖం మీదే తలుపు వేశాడు.