ఒక్క మనువు ముత్తైదువ

ఓస్తియా రేవు వీధిలో రొట్టెల బట్టీ నడిపే ఒబెల్లియా దగ్గరికి పొద్దున్నే పెద్దింటి కైసెన్నియా తనంత తానుగా వచ్చింది. ఎన్నడూ ఆ గడప తొక్కని మనిషి పిండి బస్తాల మధ్య నిలబడేసరికి, ఒబెల్లియా చేతులు దులుపుకుని పీట జరిపింది.

"రేపు మా అమ్మాయి ఫాదియా పెళ్లి. పిల్ల చేతిని పిల్లాడి చేతిలో పెట్టడానికి ఒక ఇల్లాలు కావాలి," అంది కైసెన్నియా, ఎటో చూస్తూ.

"మీ చుట్టాల్లో ఆడవాళ్లకి కరువా అమ్మా?"

"చేతులు కలిపే మనిషి ఒక్కణ్ణే కట్టుకున్నదై ఉండాలి. ఆ ఒక్కడూ బతికుండాలి. నాకిది మూడో పెళ్లి. మా చెల్లెలు ఇద్దర్ని వదిలేసింది. మా వదినకి నిరుడే మొగుడు పోయాడు. వీధంతా వెతికితే నువ్వు తేలావు."

ఒబెల్లియా నవ్వు ఆపుకుంది. "ముప్పై ఒక్కేళ్లుగా ఈయనతో వేగుతున్నానమ్మా. ఇన్నాళ్లకి దానికో విలువొచ్చింది."

"ఎవరు ఎవరితో వేగారో ఊరికి తెలుసులే," అన్నాడు ఆమె భర్త ట్రెబియస్, గాడిద తిప్పే తిరగలి దగ్గర్నుంచి.

"నువ్వు గాడిదని తోలు."

కైసెన్నియా లేస్తూ, "నా బట్టలూ నగలూ పంపిస్తాను, వేసుకురా," అంది.

"వద్దమ్మా. పిలిచింది నన్ను. నా బట్టల్లోనే వస్తాను."

మర్నాడు పూజారి బలిగొర్రె పేగులు చూసి శుభమన్నాడు. ఉతికిన నూలు బట్టలో ఒబెల్లియా ముందుకు నడుస్తుంటే, మెడ నిండా ముత్యాలేసుకున్న ఒకావిడ, "రొట్టెలామెనా ఇంత పనికి పెట్టింది?" అంది, అందరికీ వినపడేలా.

ఒబెల్లియా ఆగింది. "అవునమ్మా, రొట్టెలామెనే. మీకు ఒక్కడే మొగుడైతే చెప్పండి, మీకే అప్పగించి పోతాను."

ఆవిడ ముత్యాలు సర్దుకుంది. ఎవరో ముసలాయన పగలబడి నవ్వాడు.

నిప్పురంగు ముసుగు కింద ఫాదియాకు పదిహేనేళ్లు. ఒబెల్లియా పట్టుకున్న చెయ్యి చల్లగా ఉంది.

"అమ్మకి మూడయ్యాయి," అంది ఆ పిల్ల గుసగుసగా. "నాకెన్నవుతాయో."

ఒబెల్లియా తొందరపడలేదు. పెళ్లికొడుకు ఎదురుగా నిలబడే ఉన్నాడు, చుట్టాలు చూస్తున్నారు. చూడనీ అనుకుంది.

"అది నాకు తెలీదు తల్లీ. కోపమొస్తే అరిచెయ్యి. అరిచాక తిండి మాత్రం మానకు. నాకు తెలిసిన విద్య ఇంతే."

ముసుగు కింద చిన్న నవ్వు వినిపించింది. ఫాదియా తన చెయ్యి తానే చాచింది. ఒబెల్లియా ఆ చేతిని పెళ్లికొడుకు కుడిచేతిలో పెట్టి, పిండి పిసికిన వేళ్లతో రెండింటినీ గట్టిగా అదిమింది.

విందు వేళ ఇంటి పనివాళ్ల పెత్తందారు ఆమెకు వంటింటి వైపు దారి చూపించాడు. ఒబెల్లియా అతని వైపు చూడనైనా చూడకుండా నేరుగా వెళ్లి పెళ్లికూతురి పక్కన కూర్చుంది. కైసెన్నియా అది చూసింది. ఒక్క క్షణం ఆలోచించి, తేనెలో వేయించిన అత్తిపళ్ల పళ్లెం తానే తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"తినండి," అంది. అంతవరకూ 'నువ్వు' అంటూ వచ్చిన మనిషి.