రెండు ఇన్నింగ్స్‌ల సాక్షి

ఇరవయ్యారేళ్ళు నేను చేసిన పని ఒక్కటే, చూడటం. అమెరికాలో ఒక పెద్ద బేస్‌బాల్ జట్టు తరఫున అయొవా, నెబ్రాస్కా ఊళ్ళన్నీ కారులో తిరిగి, కాలేజీ కుర్రాళ్ళ ఆట చూసి, ఎవడు పనికొస్తాడో రాసి పంపే స్కౌట్‌ని. "హార్లన్ చూశాడంటే ఇక వేరే ఎవరూ చూడక్కర్లేదు" అనేవాళ్ళు. ఆ మాట వినీ వినీ నాకూ అలవాటైపోయింది.

2003 ఏప్రిల్‌లో పిచర్ విసిరే బంతిని బ్యాటర్ వెనక కూర్చుని పట్టే క్యాచర్, ఆరిన్ టాడ్‌లాక్ అనే కుర్రాడి కోసం నెబ్రాస్కాలో ఓ చిన్న కాలేజీకి వెళ్ళాను. శుక్ర, శని, ఆదివారాలు వరసగా మూడు ఆటలు. శుక్రవారం నేను చేరేసరికే మొదటి ఇన్నింగ్స్ సగం అయిపోయింది. ఎముకలు కొరికే గాలి, మోకాలు ఒకటే సలుపు. రెండో ఇన్నింగ్స్‌లో ఆరిన్ బంతిని నేలబారుగా కొట్టి, వెంటనే ఉరకాల్సిన మొదటి బేస్ వైపు పరిగెత్తకుండా తాపీగా నడిచాడు. 'బద్ధకస్తుడు' అని రాసుకుని లేచి వచ్చేశాను. శనివారమంతా మోటెల్ గదిలో వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటూ టీవీ చూశాను. ఆదివారం తెల్లారగానే ఇంటికి బయల్దేరాను. రిపోర్టులో మాత్రం మూడు ఆటలూ చూసినట్టు రాశాను.

జూన్‌లో, కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే ముందు, ఆఫీసులో అందరం కూర్చున్నాం. లెక్కలు చూడటానికి ఆ ఏడే చేరిన నడీన్ కొవారిక్ అనే అమ్మాయి లేచి, ఆరిన్‌ని తప్పకుండా తీసుకోవాలంది.

"ఇతను క్యాచర్‌గా ఉన్నప్పుడు ఆ జట్టు పిచర్లందరూ బాగా ఆడుతున్నారు. అతను లేనప్పుడు వాళ్ళే చిత్తుగా దెబ్బతింటున్నారు. రెండేళ్ళ అంకెలు ఇదే చెప్తున్నాయి."

"అమ్మాయ్, వాడు బేస్ దాకా ఎలా నడుస్తాడో నీ అంకెల్లో ఉందా?" అన్నాను. "పెళ్ళికి పోతున్నట్టు నడుస్తాడు. ఈ కళ్ళతో చూశాను, మూడు రోజులు."

అందరూ గొల్లున నవ్వారు. నడీన్ నవ్వలేదు.

"మూడు రోజులూ అంతేనా, హార్లన్ గారూ? ఆదివారం కూడా?"

"ఆదివారం కూడా. చలికి బిగుసుకుపోయి కూర్చుని మరీ చూశాను. కుర్రాళ్ళ మనసు కంప్యూటర్‌కి కనపడదమ్మా."

ఆమె తన కాగితం వంక చూసింది. "చూసినవారు చెప్తుంటే నేనేం అనగలను?" అని ఆ పేరు తనే కొట్టేసింది. మేం తీసుకోలేదు. ఇంకే జట్టూ తీసుకోలేదు.

ఆగస్టులో ఓ మధ్యాహ్నం నడీన్ నా గదిలోకొచ్చి తలుపు వేసింది. చిన్న కాలేజీల ఆటల వివరాలు రోజువారీగా కూరుస్తోందట.

"ఆ ఆదివారం అక్కడ వాన. ఆట రద్దయింది."

నేను బల్ల మీది కాగితాలు సర్దసాగాను.

"వాళ్ళ కోచ్‌కి ఫోన్ చేశాను. శుక్రవారం మొదటి ఇన్నింగ్స్‌లోనే ఆరిన్ తొడ కండరం పట్టేసింది. అతని బదులు దిగాల్సిన రెండో క్యాచర్‌కి అప్పటికే వేలు విరిగి ఉంది. పరిగెత్తొద్దని కోచే చెప్పాడు. తొడకి కట్టు కట్టుకుని ఆ ఆట మొత్తం ఆడాడు, శనివారమూ ఆడాడు. కుంటుతుంటే చూసినవాళ్ళందరికీ తెలిసిందట."

"ఆ సంగతి మన బాస్‌కి చెప్పావా?" అన్నాను. ముందుగా నా నోట్లోంచి వచ్చింది ఆ ప్రశ్నే. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

"అది మీరు చెప్పుకోవాల్సింది. నా అంకెలు తప్పని మీరు నిరూపించి ఉంటే నేర్చుకునేదాన్ని. వాటికి అందనిది మీ కంటికి అందుతుందని నమ్మబట్టే ఆ పేరు కొట్టేశాను. రేపు ఇంకో స్కౌట్ 'నేను చూశాను' అంటే నేనేం చెయ్యాలి?"

మర్నాడు మా బాస్ గస్ బ్రాండ్‌వోల్డ్‌కి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"ఒక్క దొంగ రిపోర్టూ రాయని స్కౌట్ ఎవడయ్యా? సరే, నీ మనసు అంతలా పీకుతుంటే వాణ్ణి మన కిందిజట్టులోకి పిలువు. ఓ చోటుంది."

తిట్టినా బాగుండేది.

ఆ ఆదివారం ఆరిన్ వాళ్ళ ఊరెళ్ళాను. ఊరి జట్టు తరఫున ఆడుతున్నాడు. ఈసారి కదలకుండా ఆట మొత్తం, తొమ్మిది ఇన్నింగ్స్‌లూ చూశాను. పిచర్ తడబడినప్పుడల్లా వెళ్ళి ఏదో చెప్పేవాడు, ఆ పిచర్ బిగుసుకున్న భుజాలు సడలేవి. నడీన్ లెక్కగట్టింది ఇదే. ఏప్రిల్‌లోనే నేను చూసి ఉంటే ఆమెకి ఎందుకో కూడా చెప్పగలిగేవాణ్ణి.

ఆట అయ్యాక, పక్క వరసలోంచి ఓ పెద్దావిడ నిమ్మరసం గ్లాసుతో వచ్చింది.

"ఏప్రిల్‌లో మావాడి ఆట చూడ్డానికి వచ్చింది మీరే కదూ బాబూ? నేను ఆరిన్ వాళ్ళమ్మని. మీరు లేచి వెళ్తే కాఫీకేమో అనుకున్నాను. మళ్ళీ వస్తారని ఆ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. శనివారం కూడా."

ఇచ్చిన గ్లాసు తాగకుండానే బెంచీ మీద పెట్టేశాను.

ఆరిన్ వచ్చాడు. తల్లి ఎదుటే అంతా చెప్పేశాను, ఏదీ దాచకుండా. కిందిజట్టులో చోటుందనీ చెప్పాను. అతను చేతి తొడుగు విప్పుతూ విన్నాడు.

"రేపటినుంచి బడిలో లెక్కల మాస్టారుగా చేరుతున్నానండీ. మాటిచ్చాను. అక్కడ పిల్లలు ఎదురుచూస్తుంటారు." తొడుగు సంచిలో పడేశాడు. "జూన్‌లో పిలిచుంటే రెక్కలు కట్టుకుని వచ్చేవాణ్ణి."

అతని గొంతులో కోపం లేదు. వాళ్ళమ్మ మాత్రం నా మొహం చూడటం మానేసి గ్లాసు తీసుకెళ్ళిపోయింది.

అక్టోబరులో ఉద్యోగం మానేశాను. కంప్యూటర్లొచ్చి పాపం ముసలాణ్ణి తరిమేశాయని స్నేహితులంతా జాలిపడ్డారు. నడీన్‌ని ఆడిపోసుకున్నారు కూడా. కాదు, తప్పు నాదే, ఆ అమ్మాయిది కాదని వాళ్ళకి చెప్పడానికి నాకు మూడేళ్ళు పట్టింది.